బడిలో ఉన్నారు, పాఠంలో లేరు

మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాల్లో గడువు పెట్టి మరీ రాసింది ఒక్కటే, 45వ అధికరణం. పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను పదేళ్లలోగా అందించాలని అందులో మొదట ఉండేది. ఆ లెక్కన 1960కల్లా పని పూర్తి కావాలి. అంతకు చాలా ముందే, 1911లో, గోపాలకృష్ణ గోఖలే ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు పెట్టారు. మరుసటి ఏడాది ఓటింగులో కావాలన్నవాళ్లు 13 మంది, వద్దన్నవాళ్లు 38 మంది. తెల్లదొరలే దాన్ని అడ్డుకున్నారని అనుకుంటాం గానీ, మన జమీందారులూ గట్టిగానే వ్యతిరేకించారు. కూలివాళ్ల పిల్లలు బడికి పోతే పొలంలో పనికి ఎవరొస్తారన్నది వాళ్ల బెంగ.

ఆ బెంగ స్వాతంత్ర్యం వచ్చాక కూడా తీరలేదేమో, చదువు హక్కుగా అమల్లోకి రావడానికి అరవై ఏళ్లు పట్టింది. 1993లో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కేనని తేల్చింది. ఆ తీర్పు వచ్చిన కేసు పేరు ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. నిజానికి ఆ కేసు ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల గొడవ. మెడికల్ సీటు తగాదాలోంచి ఒకటో తరగతి పిల్లవాడి హక్కు పుట్టింది. తర్వాత 2002లో 86వ సవరణ, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం అమల్లోకి వచ్చింది.

ఇన్నేళ్లలో దేశం సాధించింది తక్కువేమీ కాదు. 1951లో నూటికి 18 మందికి చదవను రాయను వచ్చు. 2011 నాటికి ఏడేళ్లు దాటినవాళ్లలో నూటికి 73 మందికి వచ్చింది. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు కాబట్టి అక్షరాస్యత మాట ఎత్తితే ఇప్పటికీ ఆ పాత లెక్కే చెప్పుకుంటున్నాం. గ్రామాల్లో ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో 98 శాతం మంది పేర్లు ఏదో ఒక బడి రిజిస్టరులో ఉన్నాయని పిల్లల చదువును కొలిచే 2024 అసర్ సర్వే చెబుతోంది. యూనివర్సిటీలు, కాలేజీల్లో చేరుతున్న ఆడపిల్లల నిష్పత్తి మగపిల్లలకు సమానమైంది. 2021-22 లెక్కల్లో వాళ్లే కాస్త ముందున్నారు. 1912లో వద్దన్న ఆ 38 మందికి ఇవి చూపిస్తే నమ్మేవాళ్లు కాదు.

పిల్లల్ని బడికి రప్పించింది ఏమిటని అడిగితే నేను మొదట అన్నం పేరే చెబుతాను. తమిళనాడులో ఎంజీఆర్ 1982లో బడి భోజనాన్ని పెద్దయెత్తున పెట్టారు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలూ వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2003లో మొదలైంది. ఆ పథకానికి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది. ఆంధ్రలో నిన్నటిదాకా జగనన్న గోరుముద్ద, ఇప్పుడు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. పేరేదైనా గుడ్డు గుడ్డే. పిల్లలకు కావలసింది అదే.

అన్నం ఒక్కటే చాలదని, మనిషి వెళ్లి అడగాలని చూపించింది రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్. 1991 నుంచి వాళ్లు ఊరూరా తిరిగి పెట్టిన సూత్రం ఒక్కటే: బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే. పశువుల వెంట పోతున్నా, చెల్లెల్ని ఎత్తుకుని ఇంట్లో ఉన్నా అంతే. పేదరికం వల్లే పంపడం లేదన్న మాటను వాళ్లు ఒప్పుకోలేదు. పంపాలన్న కోరిక తల్లిదండ్రులకు ఉందనీ, దారి చూపేవాళ్లే లేరనీ వాదించారు. పని మానేసి వచ్చిన పిల్లలకు బ్రిడ్జి క్యాంపులు పెట్టి, కొన్ని నెలల్లో వాళ్ల ఈడు తరగతిలో కూర్చోబెట్టారు. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే వచ్చింది.

ఇక రెండో సగం, పాఠం సంగతి.

అసర్ వాలంటీరు బడికి వెళ్లడు, ఇంటికి వస్తాడు. అరుగు మీద కూర్చుని పిల్ల చేతికి ఒక కాగితం ఇస్తాడు. దాని మీద అక్షరాలు, చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ ఉంటాయి. మూడో తరగతి పిల్ల 'అమ్మ', 'ఆవు' గడగడా చదివేస్తుంది. 'పుస్తకం' దగ్గర ఆగిపోతుంది. 'పు... స... కం' అంటుంది. కిందున్న తవత్తు ఆ పిల్ల కంటికి ఆనలేదు. కగుణింతం మొత్తం పాటలా అప్పజెబుతుంది. కానీ 'కొ' విడిగా చూపించి ఇదేమిటంటే, 'క'తో మొదలుపెట్టి వేళ్లు ముడుస్తూ అక్కడిదాకా రావాలి. అదే పిల్ల నోటుబుక్కు తెరవండి, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దించుతుంది. ఏం దించిందో తనకు తెలియదు.

2024లో గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో నూటికి 27 మంది ఆ కథ చదవగలిగారు. ఐదో తరగతికి వచ్చాక కూడా చదవగలిగినవాళ్లు 49 మందే. అంటే ప్రాథమిక బడి దాటబోతున్నవాళ్లలో సగం మందికి మూడేళ్ల కిందటి పుస్తకం కొరుకుడు పడటం లేదు. అయితే కొంత ఊరట కూడా ఉంది. ప్రభుత్వ బడుల మూడో తరగతిలో చదవగలిగినవాళ్లు 2018లో 20.9 శాతం. కోవిడ్‌కు బడులు మూతపడ్డాక 2022లో అది 16.3కి జారి, 2024లో 23.4కి ఎక్కింది. పోయింది రాబట్టుకోవడమే కాదు, పాత గీత కూడా దాటారు. 2021లో మొదలైన నిపుణ్ భారత్ మిషన్, మూడో తరగతిలోపు చదవడం, లెక్కలు రావాలన్న ఒకే లక్ష్యం పెట్టుకుని పనిచేయడం దీనికి ఒక కారణమని నా నమ్మకం. ఆ లక్ష్యానికి గడువు 2026-27. నూటికి పాతిక మంది దగ్గర ఉన్నవాళ్లం నూటికి నూరు ఎప్పుడు చేరతామో లెక్క వేయడం కష్టం కాదు.

ఇలా ఎందుకైందంటే టీచరు బడికి రాడు, వచ్చినా చెప్పడు అనే జవాబు తయారుగా ఉంటుంది. ఒకప్పుడు అందులో నిజముంది. 2003 ప్రాంతంలో ఆకస్మిక తనిఖీలతో చేసిన ఒక దేశవ్యాప్త అధ్యయనంలో నలుగురు టీచర్లలో ఒకరు బడిలో కనిపించలేదు. కానీ రోజూ వచ్చి, శ్రద్ధగా చెప్పే టీచరు తరగతిలోనూ ఆ పిల్ల 'పుస్తకం' చదవలేకపోతోంది. ఎందుకంటే టీచరును మండల విద్యాధికారి (ఎంఈఓ) అడిగేది సిలబస్ ఎంతవరకూ అయిందని. ఐదో తరగతిలో ఉన్న పిల్లకు ఐదో తరగతి పుస్తకమే చెప్పాలి. ఆ పిల్ల రెండో తరగతి దగ్గరే ఆగిపోయిందని టీచరుకు తెలుసు. వెనక్కి వెళ్లి చెప్పడానికి టైంటేబుల్‌లో చోటు లేదు. పాఠం ముందుకు పోతుంది, పిల్ల తరగతులు మారుతుంది, రెండూ ఎక్కడా కలవవు. చివరికి పదో తరగతి వచ్చేసరికి గైడ్లు, స్లిప్ టెస్టులు, ముఖ్య ప్రశ్నలు ఆదుకుంటాయి. 2025లో తెలంగాణ పదో తరగతి ఉత్తీర్ణత 92.78 శాతం. ఐదులో సగం మంది చదవలేని దేశంలో పదిలో ఇంతమంది పాసవుతున్నారంటే, ఆ పరీక్ష చదవడాన్ని కొలవడం లేదనే కదా.

పిల్లలకు చదువు ఎలా వస్తుందన్నదాని గురించి ప్రపంచంలో ఎక్కువమంది చదివే పరిశోధనలు కొన్ని మన పల్లెల్లోనే జరిగాయి. మనలో చాలామందికి ఆ సంగతి తెలియదు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని వందల బడుల్లో ప్రయోగాలు చేశారు. ఒకదానిలో, పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు ఏడాది జీతంలో సగటున మూడు శాతం వచ్చే బోనసు ఇచ్చారు. రెండేళ్లకు లెక్కల్లోనూ భాషలోనూ తేడా కనిపించింది. ఇంకోదానిలో, 180 ఊళ్లలో లాటరీ వేసి ప్రభుత్వ బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో వాళ్లకీ ప్రభుత్వ బడిలో మిగిలినవాళ్లకీ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు మెరుగు. అక్కడ హిందీకి ఎక్కువ సమయం ఇచ్చారు మరి. అయితే ప్రైవేటు బడి ఒక్కో పిల్లకు పెట్టిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతే.

ప్రైవేటు వాదులు 'మూడో వంతు ఖర్చుకే అదే చదువు' అన్నారు. ప్రభుత్వ బడి అభిమానులు 'చూశారా, ప్రైవేటు గొప్పంతా బూటకం' అన్నారు. ఎవరికి కావలసిన ముక్క వాళ్లు కోసుకున్నారు. రెండు చోట్లా పిల్లకు కావలసినంత రాలేదన్న మూడో ముక్కను ఎవరూ ముట్టుకోలేదు. ప్రథమ్ సంస్థ ఏళ్లుగా చెబుతున్న పద్ధతి ఆ మూడో ముక్కకు జవాబు. రోజులో ఒక గంటో రెండు గంటలో తరగతిని పక్కనపెట్టి, ఎవరికి ఎంత వచ్చో దాన్నిబట్టి పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి చెప్పాలి. చాలా రాష్ట్రాల్లో చేసి చూశారు, ఫలితం వచ్చింది. కానీ అది ప్రాజెక్టుగా వచ్చి ప్రాజెక్టుగానే వెళ్లిపోతుంది. మన పిల్లలకు ఎంత వచ్చో బయట కొలిపించినా అంతే: 2009 అంతర్జాతీయ పీసా పరీక్షకు తమిళనాడు, హిమాచల్‌ను పంపితే 74 చోట్లలో 72, 73 స్థానాలు వచ్చాయి. ప్రశ్నలు మనకు తగినవి కావని తప్పుకున్నారు, ఆ తర్వాత మన పిల్లలతో ఆ పరీక్ష రాయించలేదు.

నాణ్యత సంగతి ఇదైతే, అందరినీ కలుపుకోవడం అన్న మాట మరోలా నడిచింది. 1964-66 నాటి కొఠారి కమిషన్ కోరింది ఉమ్మడి బడి. కలెక్టరు కొడుకూ, కూలీ కూతురూ ఇంటి దగ్గరి ఒకే బడిలో. మనం దానికి ఎదురు దారి పట్టాం. ఏ వర్గానికి అన్యాయం జరిగిందని తేలితే ఆ వర్గానికి విడిగా ఒక బడి పెట్టాం. ఎస్సీ గురుకులం, గిరిజన గురుకులం, బీసీ గురుకులం, మైనారిటీ గురుకులం, కస్తూర్బా, నవోదయ, మోడల్ స్కూల్ అలా పుట్టుకొచ్చాయి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టిననాడు అది గొప్ప ఆలోచనే. గురుకులాల నుంచి డాక్టర్లు, ఐఏఎస్‌లు వచ్చారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ గురుకులం పిల్లే. ఆ బడులు లేకపోతే ఆ పిల్లలు ఎక్కడుండేవాళ్లో ఊహించగలం. వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

కానీ ప్రవేశ పరీక్ష పెట్టి ఐదో తరగతికి ఊళ్లోని చురుకైన పిల్లల్ని ఏరుకున్నాక ఊరి బడిలో మిగిలేదెవరు? ఫీజు కట్టగలిగినవాళ్లు అప్పటికే ప్రైవేటు బస్సు ఎక్కేశారు. పరీక్ష రాయలేనివాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోయే ఆదోని పల్లెల పిల్లలు మిగులుతారు. ఎక్కువ సాయం కావలసినవాళ్లందరూ తక్కువ సాయం ఉన్న చోట చేరతారు. వేర్వేరు గురుకులాలను ఒకే ప్రాంగణంలోకి తెస్తామని తెలంగాణ ప్రభుత్వం యంగ్ ఇండియా స్కూళ్లు కడుతోంది. గోడలు కూలడం మంచిదే. కానీ ఒక్కో ప్రాంగణానికి 200 కోట్ల అంచనా అంటే, ఊరి బడికి మిగిలేదెంతో కూడా అడగాలి. ప్రైవేటు బడుల్లో పేదలకు 25 శాతం సీట్లివ్వాలని విద్యాహక్కు చట్టంలో ఉంది. ఆంధ్రలో అది మొదలవడానికే పదేళ్లు దాటింది. తెలంగాణలో కోర్టు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంది.

బడుల మీద కేంద్రం వేసే యూడైస్ 2024-25 లెక్కల్లో దేశం మొత్తం మీద ఒకే టీచరు ఉన్న బడులు 1.04 లక్షలు. వాటిలో చదివేది 33 లక్షలకు పైగా పిల్లలు. అవి ఎక్కువగా ఉన్న రాష్ట్రం బీహారో జార్ఖండో అనుకుంటాం. కాదు, ఆంధ్రప్రదేశ్: 12,912. ఒక్క పిల్లా లేని బడుల్లో పశ్చిమ బెంగాల్ తర్వాత స్థానం తెలంగాణది: 2,245. ఈ రెండూ ఒకే జబ్బుకు రెండు దశలు. టీచర్లు తగ్గితే పిల్లలు ప్రైవేటుకు పోతారు, పిల్లలు తగ్గారని ఉన్న టీచరునూ రేషనలైజేషన్‌లో తీసేస్తారు, చివరికి తాళం మిగులుతుంది. ఆ ఒక్క టీచరు పొద్దున్నే ముఖం చూపించి యాప్‌లో హాజరు వేసుకోవాలి, పిల్లల హాజరు వేయాలి, భోజనం లెక్క రాయాలి. ఆ మధ్య మరుగుదొడ్ల ఫొటోలు కూడా ఎక్కించాల్సి వచ్చింది. ఐదు తరగతులూ ఒకే గదిలో. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు ఏదో దించమని చెప్పి నాలుగు, ఐదులకు పాఠం మొదలుపెడతారు. పైన చెప్పిన ముత్యాల చేతిరాత అక్కడే తయారవుతుంది. టీచరుకు మండల కేంద్రంలో మీటింగ్ ఉన్న రోజు బడికి సెలవే.

ఆంధ్రలో 2022 నాటి 117 జీఓ చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకు తరలించింది. అక్కడ ఊరి బడిలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. 2025లో ఆ జీఓను వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు తరగతికో టీచరు చొప్పున 9 వేలకు పైగా మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు. తరగతికో టీచరు అనేది డెబ్భై ఏళ్ల కిందటే ఉండాల్సింది కదా అనకండి. ఇప్పటికైనా వచ్చింది. అయితే బడులు కలిపినప్పుడల్లా ఏజెన్సీలో వాగు అడ్డొస్తుంది. రెండు కిలోమీటర్లు కాగితం మీద దగ్గరే, ఆరేళ్ల పిల్లకు వానాకాలంలో కాదు.

ఆ వాగు అవతల ఇంకో చిక్కు భాష. సవర, కువి, కోయ మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో మొదటిసారి తెలుగు వింటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల పాఠాలు మొదలుపెట్టింది. దేశంలో ముందు నడిచిన ప్రయత్నాల్లో అదొకటి. పుస్తకాలు వేశారు, ఊళ్లోవాళ్లనే భాషా వాలంటీర్లుగా పెట్టారు. ఆ ఊపు నిలవలేదు. వాలంటీర్లు ఒక ఏడాది ఉంటారు, మరో ఏడాది ఉండరు. మైదానంలో మాత్రం మనం ఇంగ్లిష్ మీడియమా, తెలుగు మీడియమా అని కొట్టుకున్నాం. 2019లో ఆంధ్ర ప్రభుత్వం ఇంగ్లిష్ మీడియం జీఓ ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి ఆ దారిన వెళ్లింది. ఇంగ్లిష్ కావాలన్న తల్లి కోరికలో తప్పు లేదు. ఉద్యోగం ఏ భాషలో ఉందో ఆమెకు వ్యాసాలు రాసే మనకన్నా బాగా తెలుసు. కానీ తెలుగులో తవత్తు చూడలేని పిల్లకు 'త్రూ' అన్న ఇంగ్లిష్ మాటలో ఏ అక్షరం పలకాలో ఏ అక్షరం మింగాలో ఎవరు చెబుతారు? ముందు ఇంటి భాషలో చదవడం రావాలి, ఆ పైన ఏ మీడియమైనా.

వైకల్యం ఉన్న పిల్లల విషయంలో చట్టం మంచిదే. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువన్నది. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పదిమంది పిల్లలకు ఒక స్పెషల్ టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మన మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వాటిని నడిపే సమ్మిళిత విద్య రిసోర్సు పర్సన్లు (ఐఈఆర్‌పీలు) ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉన్నారు. చేతిపట్టీ ఉన్న ర్యాంపు దేశంలో సగానికి కాస్త ఎక్కువ బడుల్లో మాత్రమే ఉంది. ర్యాంపు ఎక్కి లోపలికి వచ్చిన పిల్ల మరుగుదొడ్డికి ఎలా వెళుతుందో యూడైస్ ఫారంలో ర్యాంపు దగ్గర టిక్కు పెట్టినంత మాత్రాన తేలదు.

పెద్ద తరగతుల్లో లోటు వేరు. 2024-25లో తొమ్మిది నుంచి పన్నెండు దాకా స్థూల నమోదు 68.5 శాతం. 2030కల్లా నూరు చేస్తామని 2020 జాతీయ విద్యా విధానం అంది. ఎనిమిదో తరగతితో ఉచిత విద్య హక్కు ఆగిపోతుంది, ఆడపిల్ల పెళ్లి మాట మొదలవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, 20 నుంచి 24 ఏళ్ల యువతుల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు దేశంలో 23.3 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. చదువులో ముందున్నామని చెప్పుకునే రాష్ట్రానికి ఇది సిగ్గుపడాల్సిన లెక్క.

డబ్బు సంగతి అందరికీ తెలిసిందే. జాతీయాదాయంలో ఆరు శాతం చదువుకు పెట్టాలని కొఠారి చెప్పారు, 1968 విధానం ఒప్పుకుంది, 1986 విధానం ఒప్పుకుంది, 2020 విధానమూ ఒప్పుకుంది. 2017-18లో పెట్టింది 4.43 శాతమని ఆ చివరి పత్రమే రాసుకుంది. ఉన్న డబ్బులోనూ కొంత కంటికి కనిపించేదానికే పోతుంది. బడికి రంగులు, ఆంధ్రలో తల్లి ఖాతాలో ఏడాదికి 15 వేల లెక్క. ఆ డబ్బు ప్రైవేటులో చదివే పిల్లలకూ వస్తుంది కాబట్టి కొంత ఫీజుగా మారి అటే పోతుంది. తల్లి చేతికి డబ్బు రావడం నాకు అభ్యంతరం కాదు. ఒకటో తరగతి టీచరు శిక్షణకు ఫొటో దిగే సందర్భం ఉండదు కాబట్టి దానికి డబ్బు రాదు, అదీ బాధ.

ఒకే టీచరున్న బడిని ఎలా నడపాలన్నదానికి జవాబు కూడా మన ఊళ్లలోనే పుట్టింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమా దంపతులు పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద నిచ్చెనలా మెట్లు గీశారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ పిల్లే చూసుకుని ఆ కార్డు తీసుకుంటుంది. టీచరు గుంపు నుంచి గుంపుకు తిరుగుతారు. ఎవరూ ఎవరి కోసమూ ఆగక్కర్లేదు, నాలుగు రోజులు బడి మానేసిన పిల్ల వదిలిన మెట్టు నుంచే మొదలుపెడుతుంది. 1995లో కర్ణాటక దీన్ని తీసుకుని నలి కలి చేసింది, తర్వాత తమిళనాడు తీసుకుంది. కార్డులు అచ్చు వేయడం తేలిక గనక త్వరగానే వ్యాపించాయి. వాటితో గదిని నడిపే నేర్పు అంత త్వరగా వ్యాపించలేదు. పుట్టిన చోట దీన్ని రాష్ట్రమంతా నిలబెట్టే పని మనవాళ్లు చేయలేదు.

2025 మెగా డీఎస్సీలో ఆంధ్రప్రదేశ్ 15,941 మంది టీచర్లను ఎంపిక చేసింది. 2024లో తెలంగాణ పదివేల మందికి పైగా నియామక పత్రాలిచ్చింది. వీళ్లలో ప్రాథమిక బడుల టీచర్లుగా (ఎస్‌జీటీలుగా) చేరినవాళ్లకు చాలాచోట్ల మొదటి పోస్టింగు ఎవరూ కోరుకోని మారుమూల బడే. ఐదు తరగతుల గదిని ఎలా నడపాలో వాళ్లు చదివిన డీఈడీ పెద్దగా నేర్పదు, అది తరగతికో టీచరు ఉంటారన్న లెక్కతో రాసినది. రెండేళ్లు పడుతూ లేస్తూ నేర్చుకుంటారు. అలాంటి బడిలో పనిచేసినందుకు బదిలీల కౌన్సెలింగ్‌లో ఎక్కువ పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లతో రోడ్డు పక్క బడి కోరుకుంటారు, వాళ్ల చోటికి మళ్లీ కొత్తవాళ్లు వస్తారు.